బోటు కట్టెయ్యమని చెప్పాల్సింది ఎవరు?

ధవళేశ్వరం దగ్గర గోదావరికి మూడు ప్రమాద హెచ్చరికలున్నాయి. బ్యారేజీ నుంచి కిందికి వదిలే నీరు 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటిది, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. 2019 సెప్టెంబర్ 15, ఆదివారం, కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట పున్నమి బోటు మునిగిన రోజున గోదారిలో పారుతున్న నీరు దాదాపు 5 లక్షల క్యూసెక్కులు. మొదటి హెచ్చరికకు అది సగం. అంటే కాగితాల మీద ఆ రోజు గోదారికి వరదే లేదు. పాపికొండలు చూద్దామని డెబ్బై మందికి పైగా ఎక్కిన బోటులోంచి ప్రాణాలతో ఒడ్డుకు చేరింది పాతిక ముప్పై మంది మధ్యలోనే.

ఆ దుర్ఘటన మీద అప్పట్లో చాలా రాశారు. అనుమతులు, లైసెన్సులు, బోటు నడిపే సరంగు అనుభవం, యజమాని అరెస్టు, ఎంక్వైరీ కమిటీలు. అవన్నీ అవసరమే. నాకు మాత్రం ఇన్నేళ్లయినా మింగుడు పడనిది ఆ రెండు అంకెల మధ్య ఉన్న తేడా. మన ప్రమాద హెచ్చరికలన్నీ ఏటిగట్టు తెగుతుందా, లంకలు మునుగుతాయా, ఊళ్లు ఖాళీ చేయించాలా అన్న లెక్కతో పెట్టినవి. గట్టు మీదుండేవాళ్లకు అవి పనికొస్తాయి. నీళ్ల మీదుండేవాడికి అందులో సగం నీరే యమపాశం. మరి ఆ సగం దగ్గర బోటు కట్టెయ్యమని చెప్పేది ఎవరు? ఆ మాట చెప్పాల్సిన బాధ్యతను, చెబితే చేతిలో డబ్బు పోయేవాళ్లకే వదిలేశాం. నా గొడవంతా దీని గురించే.

ముందు ఆ 5 లక్షల సంగతి చూద్దాం. సెకనుకు దాదాపు కోటీ నలభై లక్షల లీటర్లు. రాజమండ్రి దగ్గర వంతెన మీద రైల్లో పోతూ చూస్తే అంత నీరూ బద్ధకంగా, మట్టిరంగులో, మెల్లగా జరుగుతున్నట్టే ఉంటుంది, ఎందుకంటే అక్కడ గోదారికి కిలోమీటర్ల వెడల్పుంది. పాపికొండల దగ్గర రెండు వైపులా కొండలు నొక్కేసి నది సన్నబడిపోతుంది. నీరేమో అంతే. పక్కకు పరుచుకునే చోటు లేదు కాబట్టి లోతు పెరుగుతుంది, వేగం పెరుగుతుంది. ఇక్కడ చాలామందికి తట్టని సంగతొకటుంది. ప్రవాహం వేగం రెట్టింపైతే అది బోటు మీద వేసే ఒత్తిడి రెట్టింపు అవదు, నాలుగు రెట్లవుతుంది. నిన్న హాయిగా వెళ్లొచ్చిన బోటే, నిన్నటి సరంగే, నిన్నటి దారే అయినా, నీరు కాస్త పెరిగితే ప్రయాణం నిన్నటిది కాదు.

పైగా మలుపు. కచ్చులూరు మందం అని స్థానికులు పిలిచే చోట నది వంపు తిరుగుతుంది. అడుగున రాళ్లు, లోతైన గుంటలు. వేగంగా వచ్చిన నీరు వాటికి తగిలి పైకి లేచి సుడులు తిరుగుతుంది. ఎగువకు ఎదురెక్కే బోటుకు ఇంజన్ సత్తువంతా ముందుకు జరగడానికే సరిపోతుంది, పక్కకు తప్పుకోవడానికి ఏమీ మిగలదు. రెండంతస్తుల బోటు, పై డెక్కు మీద జనం. సుడి ఒక పక్కకు లాగితే కుర్చీలు జారతాయి, కుర్చీలతో పాటు మనుషులూ అదే పక్కకు జారతారు. ఆ తర్వాత ఇక సరంగు చేతిలో ఏమీ ఉండదు. ఆ రోజు తూటిగుంట ఊరివాళ్లు తమ పడవలు వేసుకుని వెళ్లబట్టి ఆ పాతిక మందైనా బతికారు. ప్రభుత్వం ఇంకా ఫోన్లు చేసుకుంటున్న టైములో ఊరివాళ్లు మనుషుల్ని పైకి లాగుతున్నారు.

వరద ఎక్కేటప్పుడు ప్రమాదం అందరికీ కనిపిస్తుంది. ఎర్రనీరు వస్తుంది, మానులు కొట్టుకొస్తాయి, టీవీలో చూపిస్తారు. ఎవడూ బోటెక్కడు. అసలు భయపడాల్సింది వరద లాగుతున్నప్పుడని, అంటే తగ్గుతున్నప్పుడని, మా వైపు సరంగులు అంటారు. కచ్చులూరు ప్రమాదానికి వారం ముందు గోదారి ధవళేశ్వరంలో రెండో హెచ్చరిక దాకా వెళ్లింది. 13 లక్షలు దాటిన నది 5 లక్షలకు తగ్గితే మనసుకు అది తగ్గిన నదిగానే కనిపిస్తుంది. "లాగేసింది కదండీ, ఇంకేం భయం" అంటారు. ఆగిపోయిన బుకింగులు పేరుకుపోయి ఉంటాయి. ఆదివారం వస్తుంది. జ్వరం నూట నాలుగు నుంచి నూట రెండుకు దిగితే రోగి లేచి పొలానికి పోయినట్టు, మనం బోటెక్కుతాం.

మీరెప్పుడైనా పొద్దున్నే రేవుకు వెళ్తే ఒక చిన్న పని గమనించండి. వయసు మళ్లిన సరంగెవరో ఒడ్డున బురదలో ఒక పుల్ల గుచ్చి, టీ తాగి వచ్చి, మళ్లీ చూస్తాడు. పుల్ల దగ్గర నీరు ఎక్కిందా, అక్కడే ఉందా, కిందికి జారిందా. ఒడ్డు వెంట తడి గీత కనిపిస్తే నీరు దిగుతున్నట్టు. నురగ, చెత్త నదిలో ఎటు చేరి పోతున్నాయో చూసి నీరు పెరుగుతోందో తగ్గుతోందో పాతవాళ్లు చెప్పేవారు. గుర్రపుడెక్క ఏ వేగంతో పోతోందో చూసి ఇంజన్ ఎంత పెట్టాలో లెక్క వేసుకునేవాళ్లున్నారు. ఇదంతా విద్యే. అయితే ఆ పుల్లకు తెలిసింది ఆ రేవు సంగతి మాత్రమే. ఎగువన గోదారిలో కలిసే ఉపనది శబరి సంగతి దానికి తెలీదు.

శబరి విషయం కొంచెం వివరంగా చెప్పాలి. భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. పేపర్లో రోజూ వచ్చేది ఆ అంకే. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు అని అందరికీ నోటికొచ్చు. కానీ శబరి గోదారిలో కలిసేది భద్రాచలానికి దిగువన, కూనవరం దగ్గర. ఒడిశా కొండల్లో, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో రాత్రంతా కురిసిన వాన శబరి ఒడ్డునున్న కుంట, చింతూరు ఊళ్ల మీదుగా దిగొస్తే భద్రాచలం స్కేలుకు ఆ నీటి ఊసే ఉండదు. అది నేరుగా పాపికొండల నెత్తిన పడుతుంది. అలాంటప్పుడు పేపర్లో భద్రాచలం అంకె చూసుకుని బోటు వదలడమంటే ఇంటి ముందు తలుపు గడియ పెట్టి పెరటి తలుపు మర్చిపోవడమే. కుంట దగ్గర, కూనవరం దగ్గర నీటిమట్టాలు చూసే ఏర్పాటు కేంద్ర జలసంఘానికి ఉంది. గంటగంటకూ అంకెలు వస్తాయి. వాటిని చూడాలని రేవులో ఉన్నవాడికి ఎవరూ చెప్పకపోవడమే లోటు.

ఇక గాలి. దీనికి వరదతో పనేలేదు. 2018 మే 15 సాయంత్రం కొండమొదలు నుంచి రాజమండ్రి వైపు వస్తున్న లాంచీ మంటూరు దగ్గర మునిగింది. మే నెల, గోదారిలో నీరు తక్కువ, ఏ హెచ్చరికా లేదు. ఎండ కాసి కాసి మధ్యాహ్నం దాటాక ఒక్కసారిగా ఈదురుగాలి, వాన. జల్లు లోపలికి కొట్టకుండా తలుపులు, కిటికీలు మూసుకున్నారు. లాంచీ ఒరిగింది. సుమారు ఇరవై మంది లోపలే చిక్కుకుని చనిపోయారు. వాళ్లు విహారానికి వచ్చినవాళ్లు కారు. సంతకూ ఆస్పత్రికీ పనికీ లాంచీ తప్ప దిక్కులేని ఏజెన్సీ జనం. వాళ్లను ఇందులోకి లాగడం నాకిష్టం లేదు, కానీ టూరిస్టు బోట్లలో ఏసీ కోసం, వాన కోసం అద్దాలు బిగించిన కింది గది చూసినప్పుడల్లా మంటూరే గుర్తొస్తుంది. కచ్చులూరు బోటును ధర్మాడి సత్యం బృందం అక్టోబర్ 22న లంగర్లూ తాళ్లతో పైకి లాగినప్పుడు కూడా మృతదేహాలు బయటపడింది దాని లోపలే.

ఇదేదో మన దగ్గరే జరిగే పనికిమాలినతనం అనుకోకండి. మంటూరు జరిగిన రెండు నెలలకు, 2018 జూలై 19న, అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలోని బ్రాన్సన్ దగ్గర టేబుల్ రాక్ సరస్సులో డక్ బోటు మునిగింది. నేల మీదా నీటి మీదా నడిచే టూరిస్టు బండి అది. 31 మంది ఎక్కితే 17 మంది చనిపోయారు. పెనుగాలుల హెచ్చరిక బోటు నీళ్లలోకి దిగడానికి ఇరవై నిమిషాలకు పైగా ముందే వచ్చింది. అక్కడ తెలుసా, ఏం చేశారు? మామూలుగా ఊరు తిప్పాక సరస్సులోకి దించుతారు. ఆ రోజు గాలివాన వచ్చేలోగా నీళ్ల మీది భాగం కానిచ్చేద్దామని వరస మార్చి, ముందే దించారు. హెచ్చరిక అందనందువల్ల మునిగిన బోటు కాదది. హెచ్చరికను చూసి త్వరపడినందువల్ల మునిగింది. అదే రకం బండి ఒకటి 1999లో ఆర్కన్సాలో మునిగి 13 మంది పోయినప్పుడే, పైకప్పు, పక్క తెరలు జనాన్ని లోపల బంధించేస్తున్నాయని అక్కడి రవాణా భద్రతా బోర్డు చెప్పింది. పంతొమ్మిదేళ్ల తర్వాత కూడా పైకప్పు అలాగే ఉంది.

ఉపగ్రహాలు, రాడార్లు, సెల్‌ఫోన్‌లో మోగే హెచ్చరికలు, అన్నీ ఉన్న దేశంలోనే అది జరిగింది. కాబట్టి మనకు సమాచారం చాలట్లేదు, యాప్ ఒకటి చేస్తే సరిపోతుంది అనేవాళ్లతో నేను ఏకీభవించను. సమాచారం వచ్చాక దాన్ని చూసి "ఇవాళ లేదు" అనాల్సిన మనిషి ఎవరు, అలా అంటే ఆ మనిషికి ఏం పోతుంది? అసలు ప్రశ్న అక్కడుంది.

రేవులో ఏం జరుగుతుందో చెబుతాను. మా చుట్టాలబ్బాయి హైదరాబాద్ నుంచి ఆగస్టు పదిహేను సెలవు కలిపి, భార్యాపిల్లలు, అత్తమామలతో పాపికొండలు టికెట్లు తీసుకున్నాడు. ముందురోజు నాకు ఫోన్ చేశాడు. "మావయ్యా, నీళ్లు ఎర్రగా ఉన్నాయంట, వెళ్లొచ్చా?" వద్దన్నాను. బుకింగ్ ఆఫీసులో అడిగితే బోటు ఆగితే ఇంకో తేదీకి మారుస్తాం, డబ్బులు మాత్రం వెనక్కి రావన్నారు. బోటు నడిచి మీరు రాకపోతే ఆ మార్చడం కూడా లేదు. అంటే భయపడ్డవాడు నష్టపోతాడు. ఆరుగురికి టికెట్లు, లాడ్జి గదులు, రైలు ఛార్జీలు. వాడు నన్ను ఇంకోసారి అడిగాడు. ఈసారి గొంతులో ప్రశ్న లేదు, నేను సరే అంటే బాగుండునన్న ఆశ ఉంది. మర్నాడు పొద్దున రేవుకు వెళ్లారు కూడా. అక్కడ నలభై మంది, అందరిదీ అదే లెక్క. ఒకాయన "ఇంతదూరం వచ్చి కొండలు చూడకుండా పోతామా" అన్నాడట. ఇంకొకాయన గుమాస్తా మీద అరిచాడట, ఎంతసేపు నిలబెడతారని. చివరికి ఆ రోజు బోటు వదల్లేదు, అధికారులు ఆపేశారు. జనం గొణుక్కుంటూ వెళ్లిపోయారు. ప్రాణం నిలిచిందని అనుకున్నవాడు ఒక్కడూ లేడు, డబ్బు పోయిందనుకున్నవాళ్లే అందరూ.

ఈ కథలో ఎవరూ దుర్మార్గులు కాదు. యజమానికి డీజిల్, వంట, జీతాలు. సరంగుకు ట్రిప్పు నడిస్తేనే కూలి. గుమాస్తాకు అరుపులు. టూరిస్టుకు సెలవు దొరికేదే ఆ రెండ్రోజులు. అందరి వేళ్లూ ఒకే వైపు చూపిస్తాయి, బోటు వదిలెయ్ అని. మరో వైపు చూపించడానికి ఒక్క వేలైనా ఉండాలంటే అది డబ్బు రూపంలో ఉండాలి. వాతావరణం వల్లగానీ నీటిమట్టం వల్లగానీ బోటు ఆగితే, లేదా ఫలానా అంకె దాటిన రోజున ప్రయాణికుడు తనంతట తాను మానుకుంటే, టికెట్ సొమ్ము మొత్తం, ఎవరినీ బతిమాలకుండా, వచ్చిన ఖాతాలోకే తిరిగి వెళ్లిపోవాలి. లైఫ్ జాకెట్ ఎంత ముఖ్యమో నా దృష్టిలో అదీ అంతే ముఖ్యం.

జాకెట్ సంగతి వచ్చింది కాబట్టి ఒక ముక్క. కచ్చులూరులో బయటపడినవాళ్లలో చాలామంది ఒంటి మీద జాకెట్ ఉన్నవాళ్లు. కానీ బోటు కదిలిన అరగంటకు చూడండి. ఉక్కపోతకు విప్పి కుర్చీకి తగిలిస్తారు, పసిపిల్లలకు తలగడ చేస్తారు, డెక్కు మీద డాన్సు మొదలవగానే సగం జాకెట్లు నేల మీదుంటాయి. ఫోటోలో చీర కనిపించదని తీసేసినవాళ్లను చూశాను. ఉన్న జాకెట్లకు కూడా కింది తాడు తెగిపోయి ఉంటుంది. ఆ తాడు లేకపోతే నీళ్లలో పడగానే జాకెట్ పైకి పోయి మొహానికి అడ్డం పడుతుంది, మనిషి కిందికి పోతాడు. ఎక్కేముందు ఆ తాడు లాగి చూసుకోండి.

ప్రభుత్వాలు ఏమీ చెయ్యలేదనడం అన్యాయం. ప్రమాదం తర్వాత బోట్లన్నీ ఆపేశారు. 2020లో రేవుల దగ్గర కంట్రోల్ రూములు పెట్టారు, తనిఖీలు పెంచారు, 2021లో మళ్లీ అనుమతిచ్చారు. అదే ఏడు కేంద్రం 1917 నాటి పాత చట్టాన్ని తీసేసి, నదులు, కాలువల్లో తిరిగే నౌకలకు కొత్త చట్టం తెచ్చింది. రిజిస్ట్రేషన్, సర్వే, సిబ్బందికి అర్హత పత్రాలు, బీమా. బాగున్నాయి. కానీ ఇవన్నీ ప్రధానంగా బోటు ఎలా ఉందో చెబుతాయి. ఈ పొద్దున నది ఎలా ఉందో చెప్పడానికి మాత్రం ఇంకా మనిషి అంచనాయే దిక్కు. విమానాలకు ఫలానా దూరం కనిపించకపోతే దిగకూడదని అంకె ఉంటుంది, పైలట్ ధైర్యంతో నిమిత్తం లేదు. పాపికొండలకూ అలాంటి అంకె ఒకటి, టికెట్ మీదే అచ్చేసి, రేవులో బోర్డు మీద రాసి ఉండాలి. అది ధవళేశ్వరం 10 లక్షలు అయితే కాదు. అందులో సగం కూడా ఎక్కువే అని కచ్చులూరు చెప్పింది. దానితో పాటు కుంట, కూనవరం దగ్గర నీరు పెరుగుతుంటే ఇక్కడ ఎంత తక్కువున్నా వదలకూడదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం తర్వాత తిరుగు ప్రయాణాలు ఉండకూడదు. పొద్దున్నే వెళ్లి ఎండ ముదిరేలోగా తిరిగొచ్చేయాలి.

పోలవరం ప్రాజెక్టు పనుల కోసం నదికి అడ్డంగా కట్టిన తాత్కాలిక కట్ట, ఎగువ కాఫర్ డ్యామ్, వచ్చాక ఈ అవసరం ఇంకా పెరిగింది. వరదొస్తే నీరు వెనక్కి తన్ని దేవీపట్నం మునుగుతోంది, గండిపోచమ్మ గుడి మునుగుతోంది. తరాలుగా సరంగులు కొండగుర్తులుగా పెట్టుకున్న రాళ్లు, ఇసుక తిప్పలు, రేవు మెట్లు నీటి కిందికి పోతున్నాయి. "ఆ చింతచెట్టు మొదలుకు నీరు తగిలితే వెళ్లొద్దు" అని తాత చెప్పిన మాట, చెట్టే లేని చోట ఎందుకు పనికొస్తుంది? అనుభవం ఉన్న సరంగు ఉన్నాడని నమ్మకం పెట్టుకునేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, ఆయన అనుభవం పాత గోదారిది.

దీనికి బలమైన ఎదురు వాదన ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టేయలేను. అంకె అంత కింద పెడితే జూలై నుంచి అక్టోబర్ మొదటి వారాల దాకా దాదాపు బోట్లు ఉండవు. సరంగులు, వంటవాళ్లు, పేరంటాలపల్లి గుడి దగ్గర వెదురు పువ్వులు అమ్ముకునే కొండరెడ్డి ఆడవాళ్లు, వీళ్లంతా ఏం తినాలి? కృష్ణ మీద ఈ మెలిక ఇంకోలా ఉంటుంది. నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలం లాంచీ నడవాలంటే జలాశయంలో నీరు దండిగా ఉండాలి, అంటే వరద రావాలి. వరదే వాళ్ల సీజన్‌ను తెచ్చిపెడుతుంది. అదే వరద 2024 సెప్టెంబర్‌లో ప్రకాశం బ్యారేజీకి 11.4 లక్షల క్యూసెక్కులై వచ్చి, ఎగువన కట్టేసిన పెద్ద పడవల్ని తెంచుకొచ్చి గేట్లకు కొట్టింది. నదితో బతికేవాళ్లకు వరద శత్రువు అని ఒక్క మాటలో చెప్పేయలేం.

కానీ ఈ ప్రశ్నకు జవాబు మన రాష్ట్రంలోనే, సముద్రం ఒడ్డున ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర బోట్లకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఆ రోజులకు మత్స్యకార కుటుంబానికి ప్రభుత్వం భృతి ఇస్తుంది. 2019లో 10 వేలు చేశారు, 2025లో 20 వేలు. చేపపిల్లల కోసం బోట్లు ఆపి కూలి ఇవ్వగలిగిన రాష్ట్రం, మనుషుల కోసం ఆపిన బోటు సరంగుకు ఎందుకివ్వలేదు? టూరిస్టు బోట్లు నడిపేవాళ్లు, వంటవాళ్లు, రేవు మీద ఆధారపడేవాళ్లు కలిపి లెక్కేసినా సముద్రపు మత్స్యకారుల సంఖ్యలో చిన్న పిడికెడు. ఖజానాను అడగడం ఇష్టం లేకపోతే మంచి సీజన్‌లో ప్రతి టికెట్ మీద కొంత వరద నిధి అని వేసి, వరద నెలల్లో అందులోంచి ఇవ్వొచ్చు. కార్తీకంలో, సంక్రాంతి సెలవుల్లో ఖాళీ సీటు దొరకని బోట్లు అవి.

ఆ నిధి ఉంటే సరంగు బురదలో పుల్ల చూసి వచ్చి "ఇవాళ వద్దండి" అన్న రోజున ఆయన కూలి ఆయనకొస్తుంది, మా చుట్టాలబ్బాయి డబ్బు వాడికొస్తుంది. గుమాస్తా మీద అరిచేవాళ్లు అప్పటికీ ఉంటారనుకోండి.